నెల రోజుల్లో సమాకలనం

ఇంటర్ రెండో ఏడాది ఫలితాలు ఏప్రిల్‌లో వస్తున్నాయి, సప్లిమెంటరీ పరీక్షలు మే నెలలో జరుగుతున్నాయి. మధ్యలో దొరికేది ఇంచుమించు ఒక నెల. మిగతా పేపర్లన్నీ గట్టెక్కి లెక్కల దగ్గర ఆగిపోయిన మన ఎంపీసీ పిల్లలకు ఆ నెలలో ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది ఏటా మన ముందుకొచ్చే ప్రశ్నే. ఆ లెక్కల్లో ఎక్కువమందిని భయపెట్టేది సమాకలనం, కాలేజీలో పిల్లలు ఇంటిగ్రేషన్ అనేది. దాతలు ఏ పనికి డబ్బిస్తున్నారో వారికి తెలియాలి కదా! అందుకని ముందుగా ఆ పాఠాన్నే కొంచెం చెబుతున్నాం. లెక్కలంటే పడనివారు కూడా చదవవచ్చు. ఇది గోదావరి లెక్క.

వరద రోజుల్లో ధవళేశ్వరం అంకెలు మనందరికీ నోటికొచ్చు. 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో ప్రవాహం 35 లక్షలు దాటింది. లంకల్లోని పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ వరద గుర్తు చూపిస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. అంటే ఈ అంకె నీటి వేగాన్నే చెబుతుంది. మొత్తం ఎంత నీరు సముద్రంలో కలిసిందో చెప్పదు. దానికి టీఎంసీల లెక్క కావాలి. ఒక టీఎంసీ 100 కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కుల ప్రవాహం రోజంతా నిలకడగా ఉంటే ఒక టీఎంసీ అవుతుంది.

నిలకడగా ఉంటే గుణకారంతో పని అయిపోతుంది. వరద నిలకడగా ఉండదే! పెరుగుతుంది, నిలబడుతుంది, తీస్తుంది.

పాఠం కోసం ఆరు రోజుల వరద ఒకటి ఊహించుకుందాం. గడిచిన రోజులను ‘ర’ అందాం. ప్రవాహం 2 + 6ర − ర² లక్షల క్యూసెక్కులు అనుకుందాం. మొదటి ఉదయం 2 లక్షలు, తర్వాతి ఉదయాల్లో వరసగా 7, 10, 11, 10, 7, చివరికి మళ్లీ 2. ఉదయం చూసిన అంకే ఆ రోజంతా ఉందనుకుని ఆరు రోజులూ కూడితే 47 వస్తుంది. పన్నెండు గంటలకోసారి చూసి, ఒక్కొక్క అంకెను సగం రోజుకు లెక్కేసి కూడితే 47.75. ఆరు గంటలకోసారి చూస్తే దాదాపు 47.94. ముక్కలు ఎంత సన్నగా కోస్తే మొత్తం 48కి అంత దగ్గరవుతుంది. సమాకలనం చేసే పని, కోతను అంతులేనంత సన్నం చేసి ఆ 48ని నేరుగా చెప్పడం. సూత్రం ప్రకారం 2ర + 3ర² − ర³/3 వస్తుంది. అందులో ర స్థానంలో 6 పెడితే 12 + 108 − 72, అంటే 48. దీన్ని టీఎంసీల్లోకి మారిస్తే సుమారు 415.

ఇది చూపించాక పిల్లల ముఖాలు మారతాయి. అంతవరకు వాళ్లకు సమాకలనం అంటే పొడవాటి ఒక గుర్తు, బట్టీ పట్టిన సూత్రాల పట్టిక. ఆ గుర్తు సాగదీసిన లాటిన్ ఎస్ అక్షరమనీ, ‘మొత్తం’ అనే అర్థమున్న ‘సుమ్మా’ అనే మాటలోని మొదటి అక్షరమనీ, దాన్ని 1675లో లైబ్నిజ్ వాడడం మొదలుపెట్టాడనీ చాలామందికి ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెబుతాం. సన్నగా కోసి కూడే పద్ధతి లైబ్నిజ్, న్యూటన్‌ల కంటే ఎంతో పాతది. బస్రాలో 965 ప్రాంతంలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్, పరావలయాన్ని దాని అక్షానికి లంబంగా ఉన్న రేఖ చుట్టూ తిప్పితే వచ్చే ఘనాకారం, దాన్ని చుట్టి ఉన్న స్తూపంలో 8/15 వంతు ఉంటుందని తేల్చాడు. అందుకోసం వరస సంఖ్యల నాలుగో ఘాతాల మొత్తం ఎంతో ఆయనే కనుక్కోవలసి వచ్చింది. నేటి ఇంటర్ విద్యార్థి అదే జవాబును 1 − 2/3 + 1/5 అని ఒక్క వరసలో తెస్తాడు. నైలు నది వరదను అదుపు చేస్తానని ఈయన కైరో వెళ్లాడనీ, నది వెంట పైకి వెళ్లి చూశాక అది తన వల్ల కాదని ఒప్పుకున్నాడనీ పాత జీవిత చరిత్రలు చెబుతాయి. గోదావరి ఒడ్డు పిల్లలకు ఈ కథ పాఠం కంటే ఎక్కువ నచ్చుతుంది. మేమూ కాదనం.

అయితే కథలతో పరీక్ష గట్టెక్కదు. మొదట్లో మేమొక పొరపాటు చేశాం. తరగతి మొదలైన రోజే సమాకలనం మొదలుపెట్టాం. వారం గడిచాక తేలిందేమంటే, పిల్లలు ఆగుతున్నది సమాకలనం దగ్గర కాదు. భిన్నాల కూడిక దగ్గర, గుర్తుల మార్పు దగ్గర, సైన్, కాస్ సూత్రాల దగ్గర. మరికొందరికి అవకలనమే సరిగా రాదు. ఎక్కడం రాని పిల్లవాడికి దిగడం నేర్పినట్లయింది. ఇప్పుడు మొదటి ఐదారు రోజులు సమాకలనం మాటే ఎత్తం. పాత లెక్కలే చేయిస్తాం. తర్వాత ప్రతిక్షేపణ పద్ధతి, విభాగ సమాకలనం, నిశ్చిత సమాకలనులు, వైశాల్యాలు. రోజూ సాయంత్రం చిన్న పరీక్ష. స్థిరరాశి కలపడం మరిచిపోయినవాళ్లు, 1/ర ను సమాకలనం చేయమంటే ఘాతం పెంచి సున్నాతో భాగించేవాళ్లు (సంవర్గమానం వస్తుందని వందసార్లు చెప్పినా సరే) మర్నాడు అదే లెక్క మళ్లీ చేస్తారు.

వేసవి తరగతికి ఉన్న కష్టం ఒక్కటే. మామూలు ఏడాదిలో ఒక పూట తప్పితే ఒక పాఠం పోతుంది. ఇక్కడ ఒక రోజు తప్పితే, ఆ రోజు మీద నిలబడిన వారం పోతుంది. మే నెలలో రోజులు తప్పడానికి కారణాలకు కొదవా? ఇంట్లో పెళ్లిళ్లు, ఎండ, కరెంటు కోత. రాజోలు వైపు నుంచో కొత్తపేట నుంచో అమలాపురం రావడానికి బస్సు చార్జీ లేక ఆగిపోయే పిల్ల అది బయటికి చెప్పదు. కడుపునొప్పి అంటుంది.

పేపరు గట్టెక్కితే అదే ఏడాది ఎస్.కె.బి.ఆర్. కాలేజీలో డిగ్రీలోనో, మరోచోట ఇంజనీరింగులోనో చేరవచ్చు. తప్పితే ఏడాది పోతుంది. ఆ ఏడాదిలో అమ్మాయికి సంబంధాలు చూడడం మొదలవుతుంది. అబ్బాయికి మస్కట్‌లోనో దోహాలోనో ఉన్న మేనమామ వీసా సంగతి ఎత్తుతాడు. వెళ్లినవాళ్లను తప్పుపట్టడం లేదు. ఈ సంచికకు చందా పంపినవారిలో అలా వెళ్లినవాళ్లే ఎక్కువ. లెక్కల పేపరు తప్పడం వల్ల వెళ్లడం వేరు, వెళ్లాలనుకుని వెళ్లడం వేరు.

దాతలతో ఒక మాట. చదువు పేరిట మనకు వచ్చే సొమ్ములో ఎక్కువ భాగం జూన్‌లో, కాలేజీలు తెరిచే వేళకు వస్తుంది. మంచి మార్కులు వచ్చినవారికి బహుమతులిమ్మని కొందరు పంపుతారు. అవీ కావలసినవే. కానీ లెక్కల తరగతికి డబ్బు కావలసింది ఏప్రిల్‌లో. మాస్టారు తన ఊరు వెళ్లకుండా నెల రోజులు ఇక్కడే ఉండాలి, ఆ జీతం ముందే చెప్పాలి. పిల్లలకు బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం, ఫ్యాన్లు ఆగకుండా ఇన్వర్టరు, కట్టల కొద్దీ తెల్ల కాగితాలు. పరీక్ష ఫీజు గడువు ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది.

ఈసారి జూన్‌లో వచ్చినదాంట్లో కొంత విడిగా తీసి ఉంచాం. ఫలితాలు వచ్చిన సాయంత్రమే మాస్టారికి ఫోన్ చేసి ఉండిపొమ్మనడానికి అది సరిపోతుంది. బస్సు చార్జీలకు ఇంకా కావాలి.