ఉప్పు మార్చితే పక్షవాతం తగ్గిందా?



యేసు ప్రభువు తన శిష్యులను ఉప్పుతో పోల్చారు. ఉప్పు మంచిదే. కానీ మితిమీరితే బి.పి. పెరుగుతుంది. పక్షవాతానికి ముఖ్య కారణం బి.పి.యే.

చైనాలో 600 గ్రామాల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఇందులో పాల్గొన్న సుమారు 21,000 మందీ ఇదివరకు పక్షవాతం వచ్చినవారు, లేదా బి.పి. ఉన్న 60 ఏళ్లు పైబడినవారు. సగం గ్రామాలవారు మామూలు ఉప్పు వాడారు. మిగిలినవారికి నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. దాదాపు 5 సంవత్సరాల్లో ఈ రెండో గుంపులో పక్షవాతం 14 శాతం తగ్గింది. మరణాలు కూడా తగ్గాయి.

హెచ్చరిక: కిడ్నీ జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారికి పొటాషియం ప్రమాదకరం. డాక్టరును అడగకుండా ఈ ఉప్పు వాడవద్దు.

అందరూ చేయదగినవి:

1. అన్నంలో, మజ్జిగలో పైన ఉప్పు కలుపుకోవద్దు.
2. ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలు తగ్గించండి.
3. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు చాలు. అంటే నలుగురున్న ఇంట్లో, ఊరగాయలతో కలిపి, కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి.
4. బి.పి. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు.

ఈరోజే మీ ప్యాకెట్ మీద తేదీ రాసి, ఎన్నాళ్లు వస్తుందో చూడండి. దేవుడు మీ కుటుంబాలను ఆరోగ్యంతో దీవించును గాక.