ఇంటి కంప్యూటరుకు నీరసమెందుకు?

కంప్యూటరు నెమ్మదించిందనగానే చాలామంది ప్రాసెసరు పాతబడిందనుకుంటారు. కొందరు షాపువాళ్లు కూడా అదే మాట చెప్పి కొత్తది అంటగట్టజూస్తారు. పిల్లల చదువుకని అప్పుచేసి సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు కొన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. కనుక జబ్బెక్కడున్నదో ముందు చూద్దాం.

ప్రాసెసరు పని చేయాలంటే సమాచారం చేతికందాలి గదా! అది రెండుచోట్ల ఉంటుంది. మొదటిది ర్యామ్. ఇందులోంచి తెచ్చుకోవడానికి సుమారు 100 నానోసెకండ్లు చాలు. రెండవది హార్డ్‌డిస్కు. గ్రామఫోను రికార్డులా గిరగిరా తిరిగే పళ్లెమన్నమాట. నిమిషానికి 7200 చుట్లనుకుంటే సెకండుకు 120. అనగా ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకండ్లు. కావలసిన చోటు ముల్లుకిందికి రావడానికి సగటున అందులో సగం, నాలుగు పైచిలుకు. ముల్లు సరైన వలయం మీదికి జరగడానికి మరో 9. వెరసి 13 మిల్లీసెకండ్లు. ఓస్, రెప్పపాటు కూడా లేదే అనిపిస్తుంది. కాని ర్యామ్ పనిని ఒక సెకండు అనుకుని లెక్కగట్టి చూడండి: డిస్కుకు 1,30,000 సెకండ్లు, అంటే ఒకటిన్నర రోజు!

ర్యామ్ నిండిపోయినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ అందులోని కొన్ని పుటలను డిస్కుమీదికి నెట్టి, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. తెరిచినవి మరీ ఎక్కువైతే ఈ నెట్టడం, తేవడంతోనే కాలమంతా సరి. అసలు పని సాగదు. దీనినే థ్రాషింగ్ అంటారు. పీటర్ డెన్నింగ్ 1968లోనే దీని కారణాలను వివరించాడు. గదులంత యంత్రాలనాటి జబ్బు నేడు మన బల్లమీది పెట్టెలోనూ గలదు. ఈ స్థితిలో ప్రాసెసరు మార్చడం సన్నపైపుకు పెద్ద మోటారు బిగించడమే!

ఇక పరీక్ష. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ 90 శాతం దాటి, డిస్కు 100 దగ్గర నిలిచిపోయి, ప్రాసెసరు మాత్రం తీరిగ్గా కూర్చున్నదంటే పైన చెప్పిన జబ్బేనని దాదాపుగా చెప్పవచ్చును. ప్రాసెసరే 100 చూపుతుంటే ఏ ప్రోగ్రాము తింటున్నదో ఆ పట్టికలోనే దొరుకుతుంది.

పైసా ఖర్చులేని మందు ముందు వేయాలి. స్టార్టప్ జాబితాలో కంప్యూటరుతోబాటే నిద్రలేచేవాటిలో అక్కరలేనివి ఆపెయ్యండి (యాంటీవైరస్ జోలికి పోవద్దు). బ్రౌజరులో తెరిచి మరిచిన ట్యాబులు మూసెయ్యండి. వేగం పెంచుతామని ప్రకటించుకునే ఉచిత సాఫ్ట్‌వేర్లు నాకు నచ్చవు. అవీ ర్యామ్‌లోనే మకాం పెడతాయి.

అప్పటికీ లొంగకపోతే హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెట్టవలెను. అందులో తిరిగే పళ్లెం లేదు, ముల్లూ లేదు. 0.1 మిల్లీసెకండులో పని అవుతుంది. మన లెక్కలో ఒకటిన్నర రోజు కాస్తా 17 నిమిషాలకు దిగివస్తుంది. ర్యామ్ 4 జీబీయే ఉంటే 8 చేయడం మంచిది. అయితే డీడీఆర్3 ఉన్నచోట డీడీఆర్4 పట్టదు, కొన్ని ల్యాప్‌టాపులలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, చూసుకుని కొనండి. డిస్కు విప్పకముందే ప్రాజెక్టు రికార్డులు, ఇంటివాళ్ల ఫోటోలు వేరొకచోట కాపీ చేసుకోండి.