పాతబడిన లూసరను మడులకు భాస్వరపు టెరువు

లూసరను గడ్డి యొకసారి విత్తిన మూడు నాలుగేండ్లు కోతకు వచ్చును. కాని రెండవ యేట దుబ్బులు పలుచనై, ఆకు చిన్నదై గిడసబారినచో, కొందరు రైతులు నీటి తక్కువ యనియో తెగులనియో తలంచి మడిని దున్నివేయుదురు. అంతకు ముందు భాస్వరము మాట విచారింపవలెను.

ఒక టన్ను ఎండుగడ్డితో సుమారు 6, 7 కిలోల భాస్వరామ్లము పొలము విడిచిపోవును. ఆ గడ్డి తిన్న పశువుల పేడ మరల నీ మడికి రాదు గదా, వరిపొలమునకు పోవును. 50 కిలోల సూపరు ఫాస్ఫేటు బస్తాలో 8 కిలోల భాస్వరామ్ల ముండును. కావున టన్నుకొక బస్తా చాలును. నేలపరీక్షలో భాస్వరము హెచ్చుగా తేలినచో నదియు నక్కరలేదు.

సున్నము గల రేగడి నేలలో ఎముకలపొడి మిక్కిలి మెల్లగా కరగును, సూపరునే వాడుడు. భాస్వరము నీటితో లోతునకు దిగదు గనుక పైన చల్లిన వ్యర్థమని కొందరందురు. అది సరికాదు. పైమట్టి తడిగా నున్నంతకాలము పైవేళ్లు దానిని గ్రహించును. కోసిన మరునాడే, పిలకలు లేవకముందు చల్లి, సాళ్ల నడుమ మట్టిని పైపైన గుల్లచేసి నీరు పెట్టవలెను. యూరియా వలదు, వేరుబుడిపెలు గాలినుండి నత్రజనిని తెచ్చుచుండగా, వేసిన యూరియాతో కలుపే బలియును.

ఒక సాలు ఎరువు వేయక విడిచి, మూడు కోతలు తూచి చూడుడు.