అమ్మీకి ఏమైందని పిల్లలు అడిగితే

వైద్య సహాయం కోసం వచ్చే అర్జీలో రోగి పేరు, జబ్బు, ఆసుపత్రి, అంచనా ఖర్చు ఉంటాయి. ఇంట్లో పిల్లలు ఎందరు, వాళ్లకు విషయం ఎంతవరకు తెలుసు అనే గడి ఉండదు. ఆ పిల్లలను రోజూ బడిలో చూసే ఉపాధ్యాయులం కనుక, ఆ లేని గడి గురించి దాతలకు నాలుగు మాటలు చెప్పదలచుకున్నాము.

నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. మన పేద రోగుల్లో చాలామంది చేరేది రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికే. 1955లో మొదలైన ఆ ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ గారి పేరున ఉంది. 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరైంది ఆయనే. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. దానితో వైద్యం ఖర్చు కొంత తేలికైంది గాని దూరం తగ్గలేదు. రేడియేషన్ అంటే సాధారణంగా వారానికి ఐదు రోజులు, అలా కొన్ని వారాలు. తల్లి అక్కడే ఎక్కడో తలదాచుకోవాలి. పిల్లలను నానీ ఇంట్లో వదిలిపెడతారు. అమ్మీ ఎక్కడని అడిగితే "కుచ్ నై బేటా, జావ్ ఖేలో" అని పంపేస్తారు.

పెద్దల ఉద్దేశం మంచిదే. పసి మనసు మీద ఆ బరువెందుకని. కాని చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు, తమకు తామే ఒక కారణం కల్పించుకుంటారు. బి.ఎడ్. చదివిన వారందరికీ జీన్ పియాజె పేరు తెలుసు. పిల్లల నైతిక ఆలోచన మీద 1932లో వచ్చిన ఆయన పుస్తకంలో ఒక పరీక్ష ఉంది. ఒక అబ్బాయి ఆపిల్ పండ్లు దొంగిలించాడు. తర్వాత పాత వంతెన దాటుతుంటే అది విరిగింది. దొంగతనం చేయకపోయినా విరిగేదా అని అడిగితే, చిన్నపిల్లల్లో చాలామంది విరిగేది కాదన్నారు. ఆ వయసులో కీడు జరిగిందంటే ఎవరో తప్పు చేసి ఉండాలి.

దీన్ని మన ఇళ్లకు అన్వయించి చూడండి. "నా ప్రాణం తోడేస్తున్నావు కదరా" అని విసుక్కోని తల్లి ఉంటుందా? అన్నం తినకపోతే ఆ మాట, బట్టలు మాపుకొస్తే ఆ మాట. కొన్నాళ్లకు ఆ తల్లే మంచం పడుతుంది. ఆరేళ్లవాడు ఆ రెండింటినీ కలిపేసుకుంటాడు, ఎవరికీ చెప్పడు. ఒక్కసారిగా బుద్ధిమంతుడైపోతాడు. బడిలో అలా ఉన్నట్టుండి అల్లరి మానేసిన పిల్లవాడిని చూసి మేము సంతోషించము. ఇంట్లో ఏమైందని అడుగుతాము.

అందుకే తల్లి గాని తండ్రి గాని మొదట చెప్పవలసింది ఇది: "నాకు జబ్బు చేసింది. దాని పేరు క్యాన్సర్. నువ్వు చేసిన పని వల్ల, అన్న మాట వల్ల రాలేదు. నన్ను ముట్టుకుంటే నీకు రాదు." 'పెద్ద జబ్బు', 'గడ్డ' అని దాచిపెట్టడం వద్దు. ఆ పేరును పిల్లలు గల్లీలో ఎలాగూ వింటారు. ఇంట్లో మాట్లాడే భాషలోనే చెప్పాలి. ఒక్క రోజే అంతా చెప్పేయనక్కరలేదు, అడిగిన దానికి అబద్ధం చెప్పకపోతే చాలు.

జుట్టు సంగతి ముందే చెప్పాలి. జుట్టు రాలే కీమో మందులకు చాలావరకు మొదటి మోతాదు తర్వాత రెండు మూడు వారాల్లో రాలడం మొదలవుతుంది, వైద్యం ముగిశాక తిరిగి వస్తుంది. ముందే తెలిసిన పాప బెదరదు. యంత్రంతో బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో నిలవదు కనుక తల్లిని వాటేసుకోవచ్చు. కీమో రోజుల్లో మాత్రం జలుబు, జ్వరం ఉన్న పిల్లలు కాస్త దూరంగా ఉండాలి. ఎందుకో కూడా చెప్పాలి. లేకపోతే అమ్మీ తనను తోసేస్తోందనుకుంటారు. రంజాన్‌లో రోజా ఎందుకు లేదని అడిగితే, జబ్బుపడ్డవారికి ఆ వెసులుబాటు ఉందని చెబితే సరిపోతుంది.

ఇక ఇయాదత్‌కు వచ్చే పెద్దల గురించి. రోగిని చూడబోవడం పుణ్యమే. కాని పిల్లల ఎదుటే "ఏ గునాహ్‌కు ఈ శిక్షో", "ఫలానా ఆమె మూడు నెలలే ఉంది" అంటుంటారు. మంచం పక్కన పుస్తకం పట్టుకు కూర్చున్న పిల్లవాడు చదవడం లేదు, వింటున్నాడు.

మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది పెద్ద కూతురు. ఎనిమిదో తొమ్మిదో చదివే అమ్మాయి పొయ్యి దగ్గరికి చేరుతుంది, తమ్ముళ్లను చూసుకుంటుంది, నెలలో సగం రోజులు బడికి రాదు. ఆమెకు అన్నీ తెలుసనుకుంటారు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. తల్లి కళ్లముందే నికా అయిపోవాలని పద్దెనిమిది నిండకుండానే సంబంధాలు చూస్తారు. అది చట్టానికీ విరుద్ధం, ఆ పిల్లకూ అన్యాయం. వంటకు ఒక మనిషిని పెట్టే సహాయం ఈ ఇళ్లలో మందుల సహాయంతో సమానమని మా అభిప్రాయం.

జబ్బు నయం కాదని తేలితే? "తప్పకుండా తగ్గిపోతుంది" అని మాట ఇవ్వకూడదు. "డాక్టర్లు చేయగలిగింది చేస్తున్నారు, ఏదైనా మారితే నీకు చెబుతాను" అనాలి. మరణాన్ని ఐదేళ్లలోపు పిల్లలు తిరిగి వచ్చే ప్రయాణంలా భావిస్తారని హంగరీ పిల్లల మీద మరియా నాగీ చేసిన పరిశీలన 1948లో వెలువడింది. అందుకే "నిద్రపోయింది", "దూరం పోయింది" అంటే చిక్కే: ఒకరు నిద్రకు భయపడతారు, మరొకరు గుమ్మంలో ఎదురుచూస్తారు. శరీరం పని చేయడం ఆగిపోయింది, ఇక నొప్పి లేదు, తిరిగి రాదు అని ముందు చెప్పి, ఆ తర్వాత మన విశ్వాసం చెప్పాలి. అప్పుడు పిల్లలు అడిగేది చాలా చిన్న ప్రశ్న: నాకు టిఫిన్ ఎవరు కడతారు? స్వార్థమని కసరకండి. మనిషి పేరుతో జవాబు చెప్పండి.

2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు టికెట్ లేదు. మగపిల్లల టికెట్టు, ఒక పూట భోజనం మనం భరిస్తే, వైద్యం జరిగే వారాల్లో ఒక ఆదివారం పిల్లలంతా వెళ్లి అమ్మీని చూసి రావచ్చు. వెంట వెళ్లే పెద్దవాళ్లు దారిలోనే వాళ్లకు చెప్పాలి: అమ్మీ చిక్కిపోయి ఉంటుంది, తలకు దుపట్టా కట్టుకుని ఉంటుంది, మిమ్మల్ని చూసి ఏడిస్తే అది మీ మీద కోపం కాదు.