ఒకే ఈడు – వేరు వేరు ఎత్తులు

ఆటల పీరియడ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు కబడ్డీ బరి గీశారు అనుకోండి. ఇద్దరు కుర్రాళ్లు ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరికీ పదమూడేళ్లే. ఒకడి ఎత్తు 162 సెం.మీ., బరువు 60 కిలోలు. నూనూగు మీసాలు కూడా వస్తున్నాయి. రెండోవాడి ఎత్తు 136 సెం.మీ., బరువు 30 కిలోలు. మొదటివాడి భుజం దాకా వస్తాడు, అంతే. కూతకు వచ్చిన చిన్నవాణ్ణి పెద్దవాడు నడుం పట్టి ఎత్తి పడేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇద్దరిదీ ఒకే ఈడు గదా! ఇందులో అన్యాయం ఏముంది?" అని మీలో కొందరు అడగవచ్చు. ఆ ప్రశ్నకు శాస్త్రం ఏమి జవాబు చెబుతుందో చూద్దాం.

ఢీకొంటే ఏమవుతుంది?

ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం వస్తుందని మీరు చదువుకున్నారు. ఇద్దరూ సెకనుకు 3 మీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చి ఒకరినొకరు పట్టుకున్నారు అనుకుందాం. పెద్దవాడి ద్రవ్యవేగం 60 × 3 = 180. చిన్నవాడిది 30 × 3 = 90, అదీ వ్యతిరేక దిశలో. మిగిలింది 90. ఇద్దరి బరువూ కలిపితే 90 కిలోలు. అంటే పట్టు పడిన తర్వాత ఇద్దరూ సెకనుకు 1 మీటరు వేగంతో పెద్దవాడు వచ్చిన దిశలోనే కదులుతారు.

ఇప్పుడు జాగ్రత్తగా గమనించండి. పెద్దవాడి వేగం 3 నుంచి 1కి తగ్గింది. మార్పు 2 మాత్రమే. చిన్నవాడు ముందుకు 3 మీటర్ల వేగంతో వస్తూ, వెనక్కి 1 మీటరు వేగంతో వెళ్లాడు. మార్పు 4! న్యూటన్ మూడో సూత్రం ప్రకారం ఇద్దరి మీదా పడిన బలం సమానమే. కాని కుదుపు మాత్రం చిన్నవాడికి రెండింతలు. దెబ్బలు ఎవరికి ఎక్కువగా తగులుతాయో వేరే చెప్పాలా?

శరీరంలోని గడియారం

ఒకే ఈడు పిల్లల్లో ఇంత తేడా ఎందుకు? దీనికి జవాబు వెతకడానికి ఫ్రాన్సు దేశం వెళ్దాం. అక్కడ మొంబెయార్ అనే ప్రభువు 1759లో పుట్టిన తన కొడుకు ఎత్తును సుమారు ఆరు నెలలకొకసారి కొలుస్తూ, 1777 వరకు రాసి పెట్టాడు. పద్దెనిమిదేళ్లు! ఆ లెక్కలను బఫన్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ప్రచురించాడు. ఒక్కడి ఎదుగుదలను అంత ఓపికగా కొలిచిన తొలి లెక్కలలో ఇవి పేరుపొందినవి.

వాటిని చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. పుట్టినప్పటి నుంచి ఎదిగే వేగం ఏటేటా తగ్గుతూ వస్తుంది. బడి ఈడులో ఏడాదికి సుమారు 5 లేక 6 సెం.మీ. మాత్రమే. తర్వాత ఆ వేగం ఒక్కసారి పైకి లేస్తుంది. ఆడపిల్లలలో ఇది సాధారణంగా పన్నెండేళ్లకు, మగపిల్లలలో పద్నాలుగేళ్లకు శిఖరం చేరుతుంది. ఆ రోజుల్లో మగపిల్లవాడు ఒక్క ఏడాదిలోనే 9 లేక 10 సెం.మీ. పెరగవచ్చు. ఆరో, ఏడో తరగతుల్లో ఆడపిల్లలే పొడుగ్గా కనిపించడానికి కారణం ఇదే.

ఈ పెరుగుదలను ప్రారంభించేది మెదడులోని హైపోథాలమస్. అది పీయూష గ్రంథిని మేల్కొలుపుతుంది. పీయూష గ్రంథి ముష్కాలను, అండాశయాలను మేల్కొలుపుతుంది. అక్కడ తయారైన హార్మోన్లు, పెరుగుదల హార్మోనుతో కలిసి ఎముకల చివర ఉన్న మృదులాస్థి పలకలను వేగంగా పెంచుతాయి. ముందు పాదాలు పెరుగుతాయి. అందుకే మొదట చెప్పులు చాలవు! తర్వాత కాళ్లు, ఆ తర్వాత మొండెం. కండబలం వీటన్నిటి తర్వాత వస్తుంది.

ఈ గడియారం అందరిలోనూ ఒకే రోజున మోగదు. కొందరిలో రెండేళ్లు ముందు, కొందరిలో రెండేళ్లు ఆలస్యం. ఇందులో వంశం పాత్ర ఉంది, తిండి పాత్ర కూడా ఉంది. మన బరిలోని ఇద్దరూ పెద్దయ్యాక 170 సెం.మీ. ఎత్తే ఉంటారు అనుకోండి. అప్పుడు పెద్దవాడు తన ఎత్తులో సుమారు 95 శాతం ఇప్పటికే పెరిగాడు. చిన్నవాడు 80 శాతమే పెరిగాడు. ఒకడు గెలిచాడనీ, ఒకడు ఓడాడనీ కాదు. ఒకడి బండి ముందు బయలుదేరింది, అంతే.

పుట్టిన నెల కూడా లెక్కలోకి వస్తుంది

పద్నాలుగేళ్ల లోపు వారి పోటీకి జనవరి 1 హద్దు అనుకోండి. జనవరిలో పుట్టినవాడూ, అదే ఏడాది డిసెంబరులో పుట్టినవాడూ ఒకే జట్టుకు పోటీ పడతారు. నడుమ తేడా దాదాపు ఏడాది! కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టినరోజులు పరిశీలించి 1985లో ప్రచురించిన వ్యాసం ఈ సంగతినే బయటపెట్టింది. మేటి జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవారు ఎక్కువ, చివరి నెలల్లో పుట్టినవారు తక్కువ. ముందు పుట్టినవాణ్ణి ఎంపిక చేస్తారు. వాడికే మంచి శిక్షణ, ఎక్కువ ఆటలు దొరుకుతాయి. దాంతో వాడు నిజంగానే మేటి అవుతాడు. రెండోవాడు ఇంటికి వెళ్లిపోతాడు.

నేను చేసిన పొరపాటు

ఉద్యోగంలో చేరిన కొత్తలో బడి కబడ్డీ జట్టును నేనే ఎంపిక చేశాను. పిల్లలను వరసలో నిలబెట్టి, పొడుగువాళ్లను తీసుకున్నాను. చివరన నిలబడ్డ ఒక కుర్రాడు మంచి కూతగాడు, పాదంలా జారిపోయేవాడు. "నేను ఆటకు పనికిరానా మాస్టారూ?" అని అడిగాడు. "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాను. పదో తరగతికి వచ్చేసరికి వాడు నా అంత ఎత్తయ్యాడు. నేనే పిలిచాను. "ఇప్పుడు నాకు ఆట రాదండీ" అన్నాడు. రెండేళ్లుగా వాడు బరిలో కాలు పెట్టలేదు. వాడి ఎత్తు పెరిగింది గాని, ఆ రెండేళ్ల ఆట తిరిగి రాలేదు. జీవశాస్త్రం పాఠం చెప్పే నేను వాడి విషయంలో ఆ పాఠం మరిచిపోయాను.

మరి న్యాయం ఎలా?

బరువును బట్టి విడదీయడం ఒక పద్ధతి. కుస్తీ, బాక్సింగ్ పోటీలు ఇలాగే జరుగుతాయి. మన కబడ్డీలోనూ పిల్లల పోటీలకు వయసుతో పాటు బరువు హద్దు ఉంది. న్యూజీలాండ్‌లో కొన్నిచోట్ల పిల్లల రగ్బీ జట్లను బరువు చూసి కడతారు. అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది. తూకానికి ముందు అన్నం మానెయ్యడం, నీళ్లు తాగకపోవడం వంటి పనులు కొందరు చేస్తారు. ఎదిగే శరీరానికి అది హాని. మీరు ఎన్నడూ చేయవద్దు.

ఎడమ చేతి మణికట్టును ఎక్స్-రే తీసి ఎముకల ముదురును చూడటం మరో పద్ధతి. దొంగ వయసు పట్టుకోవడానికి మన క్రికెట్ బోర్డు దీన్ని వాడుతూ వస్తోంది. కాని ఎముక చెప్పేది గడియారం సంగతి, పుట్టిన తేదీ కాదు. నిజాయితీగా తేదీ చెప్పినా, ముందుగా ఎదిగిన పిల్లవాడు ఇక్కడ నష్టపోవచ్చు.

మూడో పద్ధతిని ఇంగ్లండులోని ఫుట్‌బాల్ శిక్షణాలయాలు ప్రయత్నించాయి. పెద్దయ్యాక వచ్చే ఎత్తును అంచనా వేసి, అందులో ఇప్పటికి ఎంత శాతం పెరిగారో చూసి, దగ్గర శాతాల వారిని కలిపి ఆడిస్తారు. దీనివల్ల చిన్నవాడికి బంతి అందుతుంది. పెద్దవాడు కూడా బలం మీద ఆధారపడకుండా నేర్పు నేర్చుకుంటాడు. లాభం ఇద్దరికీ!

ఇవేవీ మన బడిలో లేకపోయినా మనం చేయగలిగింది ఒకటుంది. పదమూడేళ్ల పిల్లవాడితో "నువ్వు పనికిరావు" అని చివరి మాటగా చెప్పకుండా ఉండటం. జట్టులో లేకపోయినా వాణ్ణి రోజూ బరిలో ఉంచడం.

మీరే చేసి చూడండి

చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి నిలబడండి. తల మీద అట్టపుస్తకం అడ్డంగా పెట్టి, దాని అడుగున పెన్సిలుతో గీత గీయమని స్నేహితుణ్ణి అడగండి. తేదీ వేయండి. మూడు నెలలకొకసారి, ఉదయం పూటే కొలవండి. సాయంత్రానికి మనం కాస్త పొట్టి అవుతాం! రెండు కొలతల తేడాను నాలుగుతో గుణిస్తే ఏడాదికి మీరు పెరిగే వేగం వస్తుంది. దాన్ని గ్రాఫు కాగితం మీద గుర్తించండి. ఏడాదంతా గీత ఏమాత్రం కదలకపోతే డాక్టరుకు చూపించండి.

1. పై లెక్కలో చిన్నవాడి వేగం సెకనుకు 6 మీటర్లయితే పట్టు పడ్డాక ఏమవుతుంది?
2. మీ తరగతి కబడ్డీ జట్టులో జనవరి నుంచి జూన్ వరకు పుట్టినవారు ఎందరు? మిగతావారు ఎందరు?