గగనమందలి గడియారములు, జంట ఉపగ్రహముల దారి

2024 డిసెంబరు 5వ తేదీన శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఐరోపా అంతరిక్ష సంస్థవారి ప్రోబా-3 అను జంట ఉపగ్రహములను ఆకాశమునకు గొనిపోయినది. వానిలో ఒకటి 1.4 మీటర్ల పళ్లెముతో సూర్యబింబమును మరుగుపరచుటకును, రెండవది సుమారు 150 మీటర్ల దూరమున ఆ నీడలో నిలిచి సూర్యుని చుట్టునున్న కాంతివలయమును చిత్రించుటకును ఏర్పడినవి. ఆ నీడ వెడల్పు 8 సెంటీమీటర్లు మాత్రమే! 2025లో అవి కల్పించిన గ్రహణముల చిత్రములు లోకమునకు అందినవి.

ఇట్లు కొన్ని ఉపగ్రహములు కట్టుబాటుతో కలసి సాగుటను వ్యూహగమనమనవచ్చును. వ్యూహమందలి ప్రతి ఉపగ్రహమునకు రెండు ప్రశ్నలు కలవు. నా తోడివాడు నాకెంత దూరమున నున్నాడు? మేమందరమును ఎచ్చట నున్నాము? సమీపమున నున్నవారి విషయమున మొదటి ప్రశ్నకు లేజరు కిరణములును, కెమెరాలును చక్కని సమాధాన మీయగలవు. చిక్కంతయు రెండవదానియందే యున్నది.

భూమి సమీపమున మన చేతిలోని ఫోనునకు దారి చూపు జి.పి.ఎస్. ఉపగ్రహములే ఇతర ఉపగ్రహములకును దారి చూపును. కాని అవి 20,200 కిలోమీటర్ల యెత్తున నుండి తమ సంకేతములను భూమివైపునకే పంపును. అంతకు మిక్కిలి పైకి పోయినచో ఆ సంకేతములు క్షీణించును. అంగారకుని దరి అవి యక్కరకు రావు. అంత దూరము పోయిన నౌకల జాడను భూమిమీది పెద్ద యాంటెనాలు రేడియో తరంగములతో కనిపెట్టుచున్నవి. అంగారకుడు అతి దూరమున నున్నపుడు ఒక మాట పోవుటకే సుమారు 22 నిమిషములు పట్టును, బదులు వచ్చుటకు మరల అంతకాలము. ఒక్క నౌకకైన ఇది సాగును గాని, పది నౌకల వ్యూహమునకు నిరంతరము కావలి కాయుటకు యాంటెనాలు చాలవు. సంబంధము తెగినచో నౌక కన్నులకు గంతలు కట్టినట్లగును.

కనుక శాస్త్రజ్ఞుల చూపు పల్సార్లమీదికి పోయినది. 1967లో కేంబ్రిడ్జిలో జోసిలిన్ బెల్ అను పరిశోధక విద్యార్థిని, తన గురువు ఆంటొనీ హ్యూయిష్ పర్యవేక్షణమున రేడియో దూరదర్శినిని నడపుచు, 1.337 సెకన్ల కొకసారి తప్పక వచ్చు స్పందనము నొకదానిని గుర్తించెను. 1974లో నోబెల్ బహుమానము హ్యూయిష్‌కును, మార్టిన్ రైల్‌కును లభించినది, ఆమెకు లభింపలేదు. ఆ లోపమును గూర్చి లోకము నేటికిని ముచ్చటించుచునే యున్నది.

పల్సారనగా, సూర్యునికంటె అధికమైన ద్రవ్యము సుమారు 20 కిలోమీటర్ల గోళముగా కుదించుకొని బొంగరమువలె తిరుగు మృతనక్షత్రము. దాని కిరణపుంజము దీపస్తంభపు వెలుగువలె తిరుగుచు మనవైపు వచ్చినపుడెల్ల ఒక మెరుపు తోచును. వృషభరాశిలోని క్రాబ్ పల్సారు సెకనునకు సుమారు 30 మారులు తిరుగును. 1982లో కనుగొనబడిన వేరొకటి 642 మారులు. నావికులు మెరపుల వరుసనుబట్టి ఇది ఫలాని రేవు దీపస్తంభమని ఎట్లు పోల్చుకొందురో, పల్సార్లను గూడ అట్లే పోల్చుకొనవచ్చును.

పిల్లలు ఇంట నడిగినచో తల్లిదండ్రు లిట్లు చెప్పవచ్చును. సముద్రముమీద రెండు పడవలున్నవి. రెంటిలోను సరిగా కలిపిన గడియారములు కలవు. తీరమున గుడిగంట మ్రోగినది. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును గదా! ఒక పడవవాడు ఆ గంటను ఒక సెకను ఆలస్యముగా వినినచో, ఆ గుడి దిక్కునుబట్టి చూడగా అతడు రెండవవానికంటె 340 మీటర్లు వెనుక నున్నాడు. ప్రక్కకెంత జరిగియున్నాడో తెలియుటకు వేరొక దిక్కున నున్న గుడిగంట కావలయును. ఆకాశమున ఎత్తుపల్లములును కలవు కావున మూడవ గంటయు కావలయును. గడియారమునే శంకించినచో నాలుగవది. ఇందొక సొగసున్నది: పూజారి గంటను ఆలస్యముగా కొట్టినను ఇద్దరికిని ఆలస్యమే కావున వారి మధ్య తేడా మారదు. పల్సారు నడకలోని తప్పులు వ్యూహములోని పరస్పర దూరములను అంతగా చెరుపకపోవుటకు కారణ మిదియే.

అయితే రెండవ ప్రశ్నకు ఈ సదుపాయము లేదు. ఏ పల్సారు స్పందనము సౌరకుటుంబ ద్రవ్యకేంద్రమును ఏ క్షణమున చేరునో ముందే గణించిన పట్టిక నౌకలో నుండవలెను. మన పంచాంగమువంటిదే అది. పట్టికలోని వేళకును, నౌకకు స్పందనమందిన వేళకును గల తేడాయే స్థానమును తెలుపును. స్పందనము లన్నియు ఒక్కతీరుననే యుండును కావున, వచ్చినది ఎన్నవదో తెలియుట యెట్లు? సెకనునకు 642 మారులు తిరుగు పల్సారు రెండు స్పందనముల నడుమ కాంతి సుమారు 467 కిలోమీటర్లు పోవును. నౌకకు తన స్థానము ముందుగా ఆ మేరకైన స్థూలముగా తెలిసియుండవలెను. లేదా పలు పల్సార్లను పోల్చి తేల్చుకొనవలెను.

ఇది కాగితపు లెక్క మాత్రమే కాదు. 2017 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రముమీద నాసావారు నైసర్ అను పరికరముతో సెక్స్‌టంట్ అను ప్రయోగము జరిపిరి. అందలి 52 ఎక్స్‌కిరణ దూరదర్శినులు నాలుగు వేగవంతమైన పల్సార్లను చూచినవి. ఎనిమిది గంటలలోపల, తన చోటును 16 కిలోమీటర్ల మేరకు ఆ పరికరము తానుగా తెలిసికొన్నది. తరువాత చాలభాగము 5 కిలోమీటర్ల మేరకు నిలిచినది. చైనా 2016లోనే ఈ పరిశోధనకై ఒక ఉపగ్రహమును పంపియుండెను. రేడియో తరంగములను విడిచి ఎక్స్‌కిరణములను గైకొనుటకు హేతువు స్పష్టము: మొదటివానికి మిక్కిలి పెద్ద పళ్లెములు కావలయును, రెండవవానికి చిన్న పరికరము చాలును. ఎక్స్‌కిరణములు వాయుమండలమును దాటి నేలకు రావు గాని, ఆకాశనౌకకు ఆ యడ్డులేదు.

ప్రోబా-3వంటి జంటకు ఐదు కిలోమీటర్లెక్కడ, మిల్లీమీటరెక్కడ? తోడివానితో ఎడమును కాపాడుటకు లేజరునకు సాటి లేదు. గ్రహముల నడుమ గుంపంతయు ఎచ్చట నున్నదో తెలుపుటకే పల్సార్లు. వేగవంతమైన పల్సార్లు నిక్కచ్చిగా నడచును గాని వాని వెలుగు మిక్కిలి మందము. కావలసినన్ని కిరణకణములు చేరుటకు గంటలు పట్టును. క్రాబ్ పల్సారు ప్రకాశవంతమే, కాని దాని భ్రమణము క్రమముగా మందగించుటయే గాక అప్పుడప్పుడు హఠాత్తుగా తడబడును. అట్లు తడబడినపుడెల్ల భూమిమీదనుండి చూచి, లెక్క సవరించి, క్రొత్త పంచాంగమును నౌకకు పంపవలసియుండును.