బడిలోని యెన్నిక

పల్నాడు జిల్లాలోని రెంటచింతల యెండలకు పేరొందిన ఊరు. వేసవి ముదిరినచో బడిపిల్లలకు చదువుకన్న ముందు కావలసినది మంచినీరు. అది చాలినంత యున్నదా యని అడుగు హక్కు ఎవరిది? ఉపాధ్యాయులదే యని పలువురు తలంతురు. పిల్లల తల్లిదండ్రులకును ఆ హక్కు కలదు.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. దాని ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకు నొక యాజమాన్య సంఘ ముండవలెను. సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు. మొత్తము సభ్యులలో సగము స్త్రీలు. పాఠశాలాభివృద్ధి ప్రణాళికను వ్రాయుట, వచ్చిన ధనము ఎట్లు వ్యయమైనదో చూచుట వారి పని. మంచినీరు, బాలికలకు వేరు మరుగుదొడ్డి చట్టమే విధించినది.

ఆంధ్రప్రదేశమున నీ యెన్నికలు 2024 ఆగస్టు 8న, గురువారమునాడు జరిగినవి. తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నికైరి. వారు తమలో నుండి అధ్యక్షుని, ఉపాధ్యక్షుని ఎన్నుకొనిరి. ఇందు గుర్తులు లేవు, ఊరేగింపులు లేవు. చేయెత్తి తెలుపుటయు ఓటే.

చేయెత్తుట సులభమే కదా యందురేమో! పనికి పిలుచు ఆసామి యెదుట కూలితల్లికి అదంత సులభము కాదు. అట్టిచోట రహస్యపు ఓటే మేలని నా తలంపు. పైగా ఆగస్టు పత్తిచేలలో కలుపుతీయు కాలము. బడికి వచ్చిన పూట కూలి పోవును. అయినను వచ్చిన తల్లులు కలరు.

మీ తరగతి పక్షమున ఆ సంఘములో కూర్చున్న మువ్వురెవరో మీరెరుగుదురా?